ఆ చుక్క ఎన్నింటిది?

(వరదల్లో పడవల మీద పనిచేసే కుర్రాళ్లకూ డిగ్రీ విద్యార్థులకూ ముక్తేశ్వరం రేవుకు దగ్గర్లో చేసిన ప్రసంగం. జీపీఎస్ రిసీవర్‌ని కంప్యూటర్‌లోని పటానికి కలిపి, కదలికను ఎప్పటికప్పుడు చూడడం గురించి.)

అందరికీ నమస్కారం. ముందు బెంచీల్లో ఖాళీలున్నాయి, వెనకాల నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. తెర మీద అక్షరాలు చిన్నవి, దగ్గరగా ఉంటేనే కనబడతాయి.

వరద రోజుల్లో మన ఇళ్లలో ఏం మాట్లాడుకుంటామో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. "ధవళేశ్వరంలో ఎంతుందట?" అని ఒకరు అడుగుతారు. "పదమూడు ముప్పావు" అని ఇంకొకరు చెబుతారు. వెంటనే మూడో మనిషి అడిగే మాట ఒకటుంటుంది: "ఎన్నింటికి?" పొద్దున్న ఆరింటికి పదమూడు ముప్పావు అంటే ఒక అర్థం, సాయంత్రం ఆరింటికి అంటే ఇంకో అర్థం. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని లంకల్లో చదువురాని ముసలమ్మ కూడా చెబుతుంది. ఆ అంకె పక్కన టైము లేకపోతే మాత్రం ఆవిడ దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆనకట్ట దగ్గరి నీళ్లు మన రేవుకి రావడానికి గంటలు పడుతుందని ఆవిడకి తెలుసు.

అదే మనం, కంప్యూటర్ తెర మీద ఒక చుక్క కదులుతుంటే, ఎన్నింటిది అని అడగం. ఆ పొరపాటు నేను చేశాను. ముందు అది చెబుతాను.

2022 జులై వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజుల్లో నేను ఒక సహాయ కేంద్రంలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పాల ప్యాకెట్లూ మంచినీళ్ల టిన్నులూ వేసుకుని ఒక ఇంజను పడవ లంకకి బయలుదేరింది. పడవలో కుర్రాడి జేబులో ఫోను, ఫోనులో ట్రాకింగ్ యాప్, నా తెర మీద నీలం చుక్క. చుక్క ఏటిగట్టు దాటింది, పాయ మధ్యకి వెళ్లింది, అక్కడ ఆగిపోయింది. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది, కదల్లేదు. ఆ కుర్రాడి అమ్మగారు అక్కడే ఉన్నారు. "ఏంటండీ మాస్టారూ, అక్కడే ఆగిపోయిందేంటండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంజను ఆగిందో, మునిగిన చెట్టుకి తగులుకుందో, తిరగబడిందో. టెన్షన్ తట్టుకోలేక ఇంకో పడవని పంపించాను. అది వెళ్లేసరికి మొదటి పడవ లంకలో సామాన్లు దించేసి ఉంది. పాయ మధ్యలో ఫోనుకి సిగ్నల్ పోయింది, జరిగింది అంతే. నేను కళ్లార్పకుండా చూస్తున్న చుక్క ముప్పావు గంట కిందటిది. తెర మీద ఒక మూల చిన్న అక్షరాల్లో టైము ఉంది కూడా. నేను చూడలేదు. రెండో పడవలో నలుగురు మనుషులని ఆ ప్రవాహంలోకి అనవసరంగా పంపాను. వాళ్లు క్షేమంగానే వచ్చారు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని ఇవాళ వైర్లు ఎలా కలపాలో, ఏ బటన్ నొక్కాలో అన్నీ చూపిస్తాను, కానీ ప్రతి మెట్టు దగ్గరా ఒకటే అడుగుతుంటాను: ఇది ఎన్నింటిది?

అసలు జీపీఎస్ అనేదే గడియారాల పని. నేల నుంచి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఒక్కోదాంట్లో అణు గడియారం ఉంటుంది. "నేను ఫలానా చోట ఉన్నాను, నా గడియారంలో ఇప్పుడు టైము ఇంత" అని అది ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది. ఆ మాట మన చేతిలో రిసీవర్‌కి ఎంత ఆలస్యంగా వినబడిందో దాన్ని బట్టి దూరం తెలుస్తుంది. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, సెకనులో పది లక్షలో వంతు తేడా వచ్చినా 300 మీటర్లు తప్పుతుంది. రిసీవర్‌లో ఉండేది మామూలు చవక గడియారం. అందుకే మూడు ఉపగ్రహాలు చాలవు, నాలుగు కావాలి. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, నాలుగోది రిసీవర్ గడియారంలోని తప్పు. నాలుగు తెలియని సంగతులకి నాలుగు సమీకరణాలు. ఇక్కడ ఇంటర్ చదివినవాళ్లందరికీ ఈ లెక్క వచ్చు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఉపగ్రహం మనని చూడదు. మనం ఎక్కడున్నామో దానికి తెలియదు. రిసీవర్ వింటుంది, అంతే, తిరిగి పలకదు. రేడియోలో పాట వింటున్నామని రేడియో స్టేషన్‌కి తెలుస్తుందా? ఇదీ అంతే. కాబట్టి పడవ ఎక్కడుందో ఒడ్డున కూర్చున్నవాళ్లకి తెలియాలంటే, ఆకాశంతో సంబంధం లేని ఇంకో దారి కావాలి. 2022 వరదలో తెగింది ఆ రెండో దారే. పడవలో రిసీవర్ ఆ ముప్పావు గంటా చక్కగా పనిచేస్తూనే ఉంది.

ముందు దగ్గరి దారి చూద్దాం. రిసీవర్, లాప్‌టాప్ రెండూ ఒకే పడవలో ఉన్నాయనుకోండి.

ఇదిగో, నా చేతిలో ఉన్నది అగ్గిపెట్టెంత బోర్డు. పైన ఈ తెల్లటి చదరపు బిళ్ళ యాంటెన్నా. దీన్నుంచి యూఎస్‌బీ వైరు లాప్‌టాప్‌కి పోతుంది. మధ్యలో ఒక చిన్న చిప్ ఉంటుంది. సీరియల్ పద్ధతిలో వచ్చే సమాచారాన్ని అది యూఎస్‌బీకి మారుస్తుంది. సీపీ2102, సీహెచ్340, పీఎల్2303 అనే పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. గుచ్చగానే ఏమీ జరగలేదంటే చాలాసార్లు తప్పు రిసీవర్‌ది కాదు, ఈ చిప్‌కి డ్రైవర్ లేకపోవడం. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ అన్నచోట చూస్తే కామ్3 అనో కామ్5 అనో ఒక పేరు వస్తుంది. వైరు తీసి మళ్లీ పెట్టండి. ఏ పేరు మాయమై మళ్లీ వచ్చిందో అదే మనది. లినక్స్‌లో అయితే టీటీవైయూఎస్‌బీ0 అనో టీటీవైఏసీఎం0 అనో వస్తుంది. ఉబుంటు లాంటి వాటిలో మీ యూజర్ పేరుని డయల్‌ఔట్ అనే గ్రూపులో చేర్చకపోతే దాన్ని తెరవడానికి అనుమతి ఇవ్వదు. చేర్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లోపలికి రావాలి. ఈ చివరి ముక్క మర్చిపోయి గంటలు పోగొట్టుకున్న విద్యార్థులు నాకు చాలామంది తెలుసు.

విండోస్‌లో ఒక చిత్రం జరుగుతుంది, ముందే చెబితే భయపడరు. రిసీవర్ గుచ్చిన తర్వాత లాప్‌టాప్ ఆన్ చేస్తే, ఆ వైరులో వస్తున్న అక్షరాలని చూసి విండోస్ ఇదేదో పాతకాలం సీరియల్ మౌస్ అనుకుంటుంది. తెర మీద బాణం గుర్తు ఇష్టమొచ్చినట్టు పరుగులు తీస్తుంది, దానంతట అదే క్లిక్‌లు కొడుతుంది. వైరస్ అని కంగారుపడి లాప్‌టాప్‌ని రిపేరు షాపుకి పట్టుకెళ్లినవాళ్లున్నారు. వైరు పీకండి, ఆగిపోతుంది. డివైస్ మేనేజర్‌లో మౌస్‌ల కింద సీరియల్ బాల్‌పాయింట్ అని ఒకటి కనబడుతుంది, దాన్ని డిజేబుల్ చేయండి, చాలు.

పోర్టు దొరికాక వేగం కుదరాలి. బాడ్ రేట్ అంటారు. ఈ పరికరాల మధ్య మాటలకి ఎన్‌ఎమ్‌ఈఏ 0183 అనే ఒక ప్రమాణం ఉంది, ఓడల మీద వాడే పరికరాల కోసం పెట్టినది. అందులో మామూలు వేగం 4800. మనకి బజారులో దొరికే చిన్న బోర్డులు, నియో-6ఎం లాంటివి, 9600తో వస్తాయి. వేగం కుదరకపోతే తెర మీద పిచ్చి గీతలు పడతాయి. కుదిరితే ఇలా వస్తుంది. ఇది నిన్న అమలాపురంలో మా డాబా మీద పట్టిన వరస. అక్షరాలు తెలుగులో రాసి చూపిస్తున్నాను:

$జీపీజీజీఏ,063015.00,1634.7220,ఎన్,08200.3660,ఈ,1,09,1.1,9.6,ఎం

ఇలా సాగి, చివర ఒక నక్షత్రం గుర్తు, దాని తర్వాత రెండక్షరాలు ఉంటాయి. దారిలో ఏదైనా అక్షరం చెడిపోయిందేమో సరిచూసుకునే లెక్క ఆ రెండక్షరాలు.

ఈ ఒక్క వరసా నిదానంగా చదువుదాం. ఇది చదవడం వస్తే సగం పని వచ్చినట్టే. పేరు తర్వాత మొట్టమొదటి అంకె చూడండి. అక్షాంశం కాదు, రేఖాంశం కాదు. టైము! రిసీవర్ నోరు తెరవగానే చెప్పే మొదటి మాట ఎన్నింటిదో. 06 గంటలు, 30 నిమిషాలు, 15 సెకన్లు. ఇది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి టైము. మన టైము కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. మధ్యాహ్నం పన్నెండు గంటల పదిహేను సెకన్లు. అప్పుడు నేను డాబా మీద ఎండలో నిలబడి ఉన్నాను, సరిగ్గా సరిపోయింది.

తర్వాత 1634.7220. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఇది 16.347220 డిగ్రీలు కాదు. మొదటి రెండంకెలు డిగ్రీలు, మిగతావి నిమిషాలు. 16 డిగ్రీల 34.7220 నిమిషాలు. నిమిషాలని 60తో భాగిస్తే 0.5787. అంటే 16.5787 డిగ్రీలు. చుక్కని ఊరికే జరిపేసి 16.34722 అని రాసుకున్నారనుకోండి, మా డాబా పాతిక కిలోమీటర్లు దక్షిణానికి జరుగుతుంది. అమలాపురానికి దక్షిణంగా పాతిక కిలోమీటర్లంటే బంగాళాఖాతం. సొంతంగా ప్రోగ్రాం రాసే విద్యార్థులు మొదటి రోజు చేసే తప్పు ఇదే. మీ చుక్క సముద్రంలో పడితే ముందు దీన్ని చూసుకోండి.

తర్వాత వచ్చే 1 ఉంది చూశారా, అది నమ్మకం అంకె. 0 అయితే స్థానం దొరకలేదు. 1 అయితే మామూలుగా దొరికింది. 2 అయితే సవరణలు కూడా అందాయి. మన దేశంలో ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి పెట్టిన గగన్ ఇలాంటి సవరణలనే ఉపగ్రహం ద్వారా పంపుతుంది, తీసుకోగలిగిన రిసీవర్ అయితే తీసుకుంటుంది. 09 అంటే లెక్కలో వాడుకున్న ఉపగ్రహాలు. 1.1 అనేది ఆకాశంలో ఉపగ్రహాలు ఎంత విడివిడిగా పరుచుకుని ఉన్నాయో చెప్పే కొలత. చిన్నదైతే మంచిది. అన్నీ ఒకే మూల గుంపుగా ఉంటే అంకె పెరుగుతుంది, తప్పూ పెరుగుతుంది.

ఇంకో వరస జీపీఆర్‌ఎంసీ అని వస్తుంది. అందులో టైము పక్కనే ఒక అక్షరం. ఏ అంటే చెల్లుతుంది, వీ అంటే చెల్లదు. రిసీవర్ నిజాయితీగా "నాకు ఇప్పుడు తెలియడం లేదు" అని చెబుతుంది. కానీ చాలా సాఫ్ట్‌వేర్లు ఆ మాటని మన దాకా రానివ్వవు. పాత చుక్కని అలాగే తెర మీద ఉంచేస్తాయి. చుక్క ఆగింది అంటే పడవ ఆగినట్టు కావచ్చు, సంకేతం ఆగినట్టూ కావచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి. తేడా తెలిసేది టైము వల్లే.

ఇప్పుడు పటం. నేను వాడేది క్యూజీఐఎస్. పటాల పని కోసం 2002లో ఒకాయన మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్, ఇప్పుడు ప్రపంచమంతా కలిసి నడుపుతోంది. వ్యూ మెనూలో ప్యానెల్స్ లోపల జీపీఎస్ ఇన్ఫర్మేషన్ అని ఉంటుంది. పోర్టు ఎంచుకోవడం పాత వెర్షన్లలో ఆ ప్యానెల్‌లోనే ఉండేది, కొత్తవాటిలో సెట్టింగ్స్ ఆప్షన్స్‌లో జీపీఎస్ అనే పుటకి మార్చారు. ఆటోడిటెక్ట్ పెడితే అదే వెతుక్కుంటుంది. దొరక్కపోతే పోర్టు పేరు మీరే ఇవ్వండి. కనెక్ట్ నొక్కండి. మొదటిసారి అయితే ఓపిక పట్టాలి. ఉపగ్రహం తన దారి వివరాలని సెకనుకి 50 బిట్ల చొప్పున, చాలా నిదానంగా పంపుతుంది. ఒక్క ఉపగ్రహం సంగతి పూర్తిగా తెలియడానికి అర నిమిషం, అన్ని ఉపగ్రహాల జాబితా అంతా రావడానికి పన్నెండున్నర నిమిషాలు. గదిలో కూర్చుని "పనిచేయట్లేదు మాస్టారూ" అనొద్దు. ఆకాశం కింద పెట్టి టీ తాగి రండి.

కనెక్ట్ అవ్వనంటే ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఒక సీరియల్ పోర్టుని ఒకసారి ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు. ఇందాకటి వరసలు చూడడానికి తెరిచిన కిటికీ ఇంకా తెరిచే ఉంటే క్యూజీఐఎస్‌కి పోర్టు దొరకదు. లినక్స్‌లో దీనికి జీపీఎస్‌డీ అనే మంచి ఉపాయం ఉంది. పోర్టుని అది ఒక్కటే పట్టుకుని, 2947 అనే నెట్‌వర్క్ పోర్టు మీద ఎందరడిగితే అందరికీ పంచుతుంది. పంపు దగ్గర ఒకరు నిలబడి అందరి బిందెలూ నింపినట్టు. రెండు మూడు ప్రోగ్రాములు వాడేవాళ్లు తప్పకుండా ఇది పెట్టుకోండి.

అదే చోట ఎన్‌ఎమ్‌ఈఏ వరసలని ఫైల్లోకి రాసే ఏర్పాటు కూడా ఉంటుంది. దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. తెర మీద చుక్క పోతుంది, ఫైల్లో టైముతో సహా ప్రతి సెకనూ మిగులుతుంది. సాయంత్రం కూర్చుని ఎక్కడ తప్పు జరిగిందో చూసుకోవచ్చు.

పటం కొలతల గురించి రెండే మాటలు. జీపీఎస్ ఇచ్చేది డబ్ల్యూజీఎస్84 అనే భూమి కొలతల లెక్క, క్యూజీఐఎస్‌లో దాని నంబరు 4326. మీటర్లలో దూరాలు కావాలంటే భూమిని నిలువు మండలాలుగా విడగొట్టి కొలిచే యూటీఎం అనే పద్ధతి వాడాలి, అందులో మన డెల్టా అంతా 44 ఉత్తర మండలంలోకి వస్తుంది, నంబరు 32644. పాత సర్వే పటాలు ఎవరెస్ట్ అనే వేరే లెక్క మీద గీసినవి. వాటిని స్కాన్ చేసి అలాగే కింద పరిచేస్తే రోడ్డు మీద నడుస్తున్న మీరు పక్క చేలో కనబడతారు.

అసలు కష్టమంతా ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఉంది. మనం ఉన్నది గోదావరి పక్కన. ఇక్కడ పటం నిలకడగా ఉండదు.

ఈ మధ్య ఒక రోజు రిసీవర్, లాప్‌టాప్ పట్టుకుని ఇక్కడే పంటు ఎక్కాను, కోటిపల్లి వెళ్దామని. పంటు మధ్యలో మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, స్కూలు పిల్లలు. నేను పంటు నడిపే సరంగు గారి పక్కన నిలబడి రిసీవర్‌ని పై రేకు మీద పెట్టాను. చుక్క వచ్చింది, కదిలింది, అంతా బాగుంది. నేనేమో తిన్నగా అవతలి రేవుకి గీత పడుతుందనుకున్నాను. పంటు ముందు ఎగువకి తిరిగింది, కొంతదూరం గట్టు వెంబడే పోయి, అప్పుడు అడ్డంగా తిరిగింది. తెర మీద గీత కొడవలిలా వంగింది. ఎందుకండీ ఇలా అని అడిగితే, ఆయన నీళ్ల వైపు చెయ్యి చూపించి, "అక్కడ మేట పడిందండి. పైకి కనబడదండి, మోకాలి లోతులో ఉందండి" అన్నారు. నీళ్ల రంగు అక్కడ కాస్త లేతగా ఉంది, చిన్న చిన్న ముడతలు పడుతున్నాయి. ఆయన చెప్పేదాకా నాకు కనబడలేదు.

కొంచెం ముందుకి వెళ్లాక తెర మీద చుక్క ఇసుకలో నడవడం మొదలుపెట్టింది. నా పటంలో అక్కడ పెద్ద తిప్ప ఉంది. మేమేమో లోతు నీళ్లలో ఉన్నాం. ముందు రిసీవర్ తప్పేమో అనుకుని వరస చూశాను. తొమ్మిది ఉపగ్రహాలు, 1.0, టైము అప్పటిదే. తప్పేమీ లేదు. తెర సరంగు గారికి చూపించాను. ఆయన ఒక్క క్షణం చూసి, "ఆయ్, ఈ తిప్ప మొన్న పెద్ద వరదకి కొట్టుకుపోయిందండి మాస్టారూ. మీ పటం అంతకు ముందుది" అన్నారు.

చుక్క ఇవాళ్టిది, పటం ఎప్పటిదో. చుక్కని అడిగిన ప్రశ్న పటాన్ని కూడా అడగాలని నాకు ఆయన దగ్గర తెలిసింది. ఊళ్లలో ఇది పెద్ద సమస్య కాదు, రోడ్లూ గుళ్లూ కదలవు. లంకల్లో ఒక వరదకి ఒక ఒడ్డు కోసుకుపోతుంది, ఇంకో వైపు మేట వేస్తుంది. తెర మీద చుక్క నీళ్లలో, మీ కాళ్లు ఇసుకలో ఉంటే, అదేదో చిన్న లోపమని వదిలేయొద్దు. అక్కడ ఏరు మారిందన్న సంగతి మీకు ప్రత్యక్షంగా కనబడుతోంది. వెంటనే అక్కడో గుర్తు పెట్టి, తేదీ రాయండి. క్యూజీఐఎస్‌లో అందుకే చుక్క ఉన్నచోట పాయింట్ చేర్చే బటన్ ఉంటుంది.

కింద పరిచే చిత్రం కూడా తేదీ తెలిసినదే పెట్టుకోండి. ఇంటర్నెట్ పటాల్లో కనబడే అందమైన ఉపగ్రహ చిత్రాలు వేర్వేరు రోజుల ముక్కలు అతికించినవి. సెంటినెల్-2 అనే యూరప్ వాళ్ల ఉపగ్రహాల చిత్రాలు ఉచితం, తేదీతో సహా దొరుకుతాయి. 10 మీటర్ల వివరం, ఐదు రోజులకోసారి మన మీదుగా వెళతాయి. పంటు రేవు, తిప్పలు చక్కగా కనబడతాయి. వానాకాలం మబ్బులు అడ్డొస్తాయి, అప్పుడు సెంటినెల్-1 రాడార్ చిత్రం తీసుకోండి, దానికి మబ్బు అడ్డు కాదు. వరద తీశాక వచ్చిన మొదటి మంచి చిత్రాన్ని ప్రతి ఏడాదీ దించి పెట్టుకుంటే, ఆ ఏడాది పటం అదే.

ఇక దూరపు దారి. రిసీవర్ పడవలో, లాప్‌టాప్ ఒడ్డున. సులువైనది ఫోను. ట్రాకార్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. ఫోన్‌లో యాప్, ఎక్కడో ఒక కంప్యూటర్‌లో సర్వర్. ఇందులో మూడు జాగ్రత్తలు చెబుతాను, మూడూ దెబ్బ తిని నేర్చుకున్నవే. ఫోన్ బ్యాటరీ ఆదా చేసుకోవడానికి యాప్‌ని తనంతట తానే నిద్రపుచ్చుతుంది, సెట్టింగుల్లో ఈ యాప్‌కి ఆ ఆదా వద్దని చెప్పండి. సిగ్నల్ లేనప్పుడు చుక్కలని దాచుకుని, రాగానే పంపే ఏర్పాటు ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే, సిగ్నల్ వచ్చిన క్షణంలో పాతవన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. అప్పుడు వాటిని సర్వర్‌కి చేరిన టైముని బట్టి వరస పెట్టకూడదు, రిసీవర్ చెప్పిన టైముని బట్టి పెట్టాలి. ప్రతి చుక్కకీ ఈ రెండు టైములూ ఉంటాయి. రెంటికీ మధ్య తేడా ఎంతుందో చూస్తే ఏ వంపు దగ్గర, ఏ లంక వెనకాల సిగ్నల్ చస్తుందో పటం మీద తేటగా కనబడుతుంది. వరద రాకముందే, మంచి రోజుల్లో ఒకసారి అన్ని పాయలూ తిరిగి ఈ పటం చేసిపెట్టుకోండి. అప్పుడు పాయ మధ్యలో చుక్క ఆగితే, "ఇక్కడ సిగ్నల్ ఉండదమ్మా, పావు గంటలో అవతల కనబడతాడు" అని ఆ తల్లికి ధైర్యంగా చెప్పగలుగుతాం.

ఫోన్ టవర్లే పడిపోతే? లోరా అనే చిన్న రేడియోలున్నాయి. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య, చట్టం చెప్పిన శక్తికి లోబడి, లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు. చాలా తక్కువ సమాచారాన్ని చాలా దూరం పంపుతాయి. మనకి కావలసింది కూడా అంతే: ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి. ఒడ్డున యాంటెన్నాని ఎంత ఎత్తున కడితే అంత మంచిది. ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఇక్కడ నలుగురైదుగురున్నారు, ఈ పని మీరు పట్టుకోండి, నాకు తెలిసింది నేను చెబుతాను.

లాప్‌టాప్‌లో చుక్క రంగుని వయసుకి కట్టండి. క్యూజీఐఎస్‌లో లేయర్ సింబాలజీలో రూల్ పెట్టొచ్చు. ఇప్పటి టైములోంచి చుక్క టైము తీసేస్తే రెండు నిమిషాల లోపైతే పచ్చ, పది నిమిషాల లోపైతే పసుపు, దాటితే బూడిద రంగు. పక్కన లేబుల్‌గా టైము, పెద్ద అక్షరాల్లో. లేయర్ రెండరింగ్‌లో ఇన్ని సెకన్లకోసారి రిఫ్రెష్ అని పెట్టండి, లేకపోతే పటం దానంతట అది మారదు. ఇది చేయడానికి పావు గంట పడుతుంది. 2022లో నా తెర మీద ఇది ఉండి ఉంటే ఆ రెండో పడవ బయలుదేరేది కాదు.

ఇందాక ఒకబ్బాయి చీటీ పంపాడు: "జీపీఎస్ ఎత్తు కూడా చెబుతుంది కదా, ఇంట్లోకి నీళ్లు ఎంతవరకు వస్తాయో దాంతో చెప్పొచ్చా?" మంచి ప్రశ్న బాబూ, కానీ చెప్పకూడదు. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కింద ఏమీ ఉండవు కాబట్టి ఎత్తులో తప్పు అడ్డంగా వచ్చే తప్పు కన్నా ఎక్కువ. చవక రిసీవర్‌లో ఐదారు మీటర్లు సులువుగా ఊగుతుంది. మన డెల్టాలో ఇంటికీ ఏటికీ తేడాయే రెండు మూడు మీటర్లు. దాన్ని నమ్మి ఎవరినీ ఇంట్లో ఉండమనకండి. ఇంకో సంగతి, కొన్ని యాప్‌లు సముద్ర మట్టం నుంచి కాకుండా భూమికి ఊహించిన ఒక గుడ్డు ఆకారం నుంచి ఎత్తు చెబుతాయి. మన తీరంలో ఆ అంకె పదుల మీటర్ల మైనస్‌లో వస్తుంది. అది చూసి ఊరు మునిగిపోయిందని వాట్సాప్‌లో పెట్టొద్దు.

కొబ్బరితోటల గురించి కూడా అడిగారు. తోటలో పనిచేస్తుంది, కానీ మట్టలు సంకేతాన్ని మింగుతాయి, తడిసిన మట్టలు ఇంకా ఎక్కువ. చుక్క అటూ ఇటూ ఎగురుతుంది. నిలబడి ఉన్నా నడుస్తున్నట్టు చూపిస్తుంది. వీలైతే గట్టు మీదికో, కళ్లంలోకో వచ్చి గుర్తు పెట్టుకోండి. పడవలో అయితే రేకు కింద కాకుండా రేకు పైన. తడవకుండా పలచటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, ప్లాస్టిక్ అడ్డు కాదు, ఇనుము అడ్డు.

చాలాసేపు చెప్పాను. పంటు మూడున్నరకి ఉంది. బయట మూడు రిసీవర్లు అరుగు మీద ఎండలో పెట్టి అరగంటైంది, ఈపాటికి ఉపగ్రహాలు దొరికే ఉంటాయి. ముగ్గురు ముగ్గురుగా ఒక్కో లాప్‌టాప్ పట్టుకోండి. ఒకరు తెర చూడాలి, ఒకరు నీళ్లు చూడాలి, మూడో మనిషి సరంగు గారి పక్కన నిలబడి ఆయన ఎక్కడ తిప్పితే అక్కడ ఎందుకని అడిగి, టైము వేసి పుస్తకంలో రాయాలి. పెన్నులు తెచ్చుకున్నారు కదా? పదండి.